నాగూరులో తీయించిన పుట్టువెంట్రుకలు

మా శీనుగాడి బస్సులో దక్షిణ దేశ యాత్ర చేసి వచ్చి ఇంకా నెల తిరగలేదు. శీను మా చిన్నాయన కొడుకు. తిరుపతిలో రైల్వే స్టేషనుకు దగ్గర సందులో వాడికి ట్రావెల్సు ఆఫీసు ఉంది. "ఒంటి మనిషివి, ఇంట్లో కూసోని ఏం చేస్తావక్కా, ఒక సీటు ఖాళీగా ఉండాది, ఎక్కు" అన్నాడు, ఎక్కాను. ఏసీ బస్సు, మెత్తటి సీట్లు, ముందర టీవీలో ఆగకుండా భజనలు. చిదంబరం దాటాక గైడును పిలిచి నాగూరు దర్గా ఎప్పుడొస్తుందని అడిగాను. అతను చేతిలో కాగితం కూడా చూడకుండా, "నాగూరు, వేళాంకణ్ణి రెండూ తీసేసినాం మేడం. శీను సారు చెప్పినారు. ఇప్పుడు ఆడ ఎవరూ దిగడం లేదు" అన్నాడు. ఒకప్పుడు చిత్తూరు నుంచి రామేశ్వరం పోయే బస్సు ఆ రెండు చోట్లా ఆగకపోతే జనం డ్రైవరును నమిలి మింగేవాళ్ళు. నాగపట్నంలో భోజనాలకు ఆపినప్పుడు నేను ఆటో మాట్లాడుకుని ఒక్కదాన్నే నాగూరు పోయి వచ్చాను. నాకోసం బస్సు గంటసేపు నిలబడింది. తిరిగి ఎక్కినప్పుడు ఒక్కరూ నా మొహం చూడలేదు. పోనీ అక్కడ నాకు మనశ్శాంతి దొరికిందా అంటే అదీ లేదు. ఎందుకు దొరకలేదో చెప్పాలంటే చిత్తూరులో మా పాత ఇంటికి పోవాలి.

మా నాయనకూ చిన్నాయనకూ కలిపి చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. ముందు మండీ, వెనక ఇల్లు. బెల్లం వాసన తియ్యగా ఉంటుందనుకుంటారు దాంతో కాపురం చెయ్యనివాళ్ళు. కొత్త బెల్లం వాసన నిజంగానే బాగుంటుంది, రెండు రోజులు. వానాకాలంలో పాత బెల్లం చెమర్చి, గోనెలు తడిసి, పులిసిన వాసన ఇల్లంతా పట్టేది. తలుపు గడియ బంక, నీళ్ళ చెంబు బంక, నా పలక బంక. మంచాల కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టకపోతే చీమలు మనిషిని మోసుకుపోయేవి. ఆ ఇంట్లో శుభ్రంగా ఉండేది ఒక్క దేవుడి గూడు. అది మా జేజి రాజ్యం. మా నాయనకు తల్లి, మా ఇంటికి అధికారి. శనివారం ఆమె తడిబట్టతో దీపం పెట్టిందాకా ఎవరికీ కాఫీ లేదు. అరవ లెక్కలో పెరటాసి నెల శనివారాల్లో స్వామికి తళిగ వేస్తే, అన్నం రాశి మీద పిండి దీపాలు వెలిగించి, ఆమె గోవిందా అంటే వీధి చివర ఇంటివాళ్ళు కూడా దండం పెట్టుకునేవాళ్ళు. శుక్రవారం శుక్రవారం నన్ను గడప మీద కూర్చోబెట్టి తలకు నూనె పెట్టేది. ఆమె వేళ్ళు బలమైనవి. జుట్టును పాయలు తీసి, వాసన చూసి, "పోయిన వారం కంటే వేలెడు పెరిగినాది" అని లెక్క చెప్పేది. నన్ను ముద్దు చేసిన మనిషి ఆమె. ఆ మాటా రాయాలి.

చిన్నమ్మది అరవం మాట్లాడే వైపు, గుడియాత్తం దగ్గర పల్లె. తెలుగు చక్కగా వచ్చినా కోపమొస్తే, నవ్వొస్తే అరవంలోకి పోయేది. ఆమెకు ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. రెండోసారి తర్వాత ఆమె ఉలిక్కిపడడం మొదలయింది. పాల గిన్నె కింద పడినా, కాకి అరిచినా చెవులు మూసుకునేది. "లోపల ఒక మోత ఉండాది పాపా, తిరగలి తిప్పినట్ల, నిలవదు" అని నాతో చెప్పేది, చిన్నపిల్లతో చెప్పుకుంటే ఎవరూ తప్పు పట్టరు గనుక. మూడో కాన్పుకు శీను పుట్టి బతికాడు. బతికితే పుట్టువెంట్రుకలు కొండకు ఇస్తామని జేజి మొక్కుకుంది. వాడికి కత్తెర తాకించలేదు. రెండేళ్ళు దాటేసరికి వాడి జుట్టు నడుము మీదికి వచ్చింది. చిన్నమ్మ దానికి జడ వేసి కనకాంబరాలు పెట్టేది. మూడో ఏట కొండకు పోదామని అందరం అనుకుంటూ ఉండగా మా జేజినాయన పోయాడు.

పెద్దదిక్కు పోయిన ఇంట్లో ఏడాది మైల. ఏడాది తిరిగేదాకా ధ్వజస్తంభం ఉన్న గుడి గడప తొక్కకూడదు, కొండ ఎక్కకూడదు, మొక్కు తీర్చకూడదు. ఏడాది తిరిగేసరికి శీనుకు నాలుగో ఏడు పడుతుంది, సరి సంవత్సరం పుట్టువెంట్రుకలకు పనికిరాదు, కాబట్టి ఐదో ఏటిదాకా జుట్టు ఉంచాలని జేజి తేల్చింది. ఇంట్లో తళిగలు లేవు, పండగలు లేవు, దేవుడి గూటికి గుడ్డ కట్టేసింది. చిన్నమ్మ ఆ గుడ్డ వైపు చూస్తూ అన్నం తినేది. చావు వచ్చిన ఇంటికే దేవుడు కావాలి గదా, ఆ ఇంటికే తలుపు మూయడమేమిటి అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నాకప్పుడు తోచలేదు.

ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఎండాకాలం. అస్థికలు రామేశ్వరంలో కలపాలి. మా నాయనకు మండీ వదిలే వీలు లేదు, చిన్నాయన బయలుదేరాడు. చిన్నమ్మకు మనసు మళ్ళుతుందని ఆమెనూ, శీనును ఎత్తుకోవడానికి పన్నెండేళ్ళ నన్నూ పంపారు. యాత్ర బస్సులో చావు సామాను అంటే మిగతావాళ్ళు ఒప్పుకోరని మా జేజినాయనను బెల్లం డబ్బాలో పెట్టి గోనెపట్టా చుట్టారు. డ్రైవరుకు మాత్రం చెప్పాడు చిన్నాయన. "రామేశ్వరం బస్సులో ఇది లేకుండా యాడ పోతాదప్పా, పైన వంటసామాను పక్కన ఇంకో రెండు ఉండాయి" అన్నాడు డ్రైవరు. మా చిన్నాయన నవ్వితే చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వాల్సిందే. సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పినవాడు, వేరుశెనగ ఉండలు జేబులో పెట్టుకుని ఏ జేబో చెప్పమనేవాడు. ఆయన మీద నాకున్న ప్రేమ ఎంతదో తర్వాత తెలిసింది.

కంచి వచ్చింది, అందరూ దిగారు, మేము బస్సులో. చిదంబరం, మళ్ళీ బస్సులో. వైదీశ్వరన్ కోయిల్లో వైద్యం చేసే దేవుడని అందరూ బెల్లం, ఉప్పు, మిరియాలు పట్టుకుని పోయారు, అక్కడా మేము బస్సులోనే. లోపల మేళం వినిపించేది, పూల వాసన, కర్పూరం వాసన వచ్చేది, వాటితో కడుపు నింపుకోవాలి. అప్పటికి శీనుకు తల నిండా సెగగడ్డలు. చీము కారి జుట్టు అట్టలు కట్టింది, దువ్వెన పెడితే బిడ్డ నీలుక్కుపోయేవాడు. మూడు రోజులు వాడు నిద్రపోలేదు, వాణ్ణి మోసే నేనూ నిద్రపోలేదు. చిన్నమ్మ ప్రతి గుడి ముందరా బస్సు కిటికీ ఊచలు పట్టుకుని గోపురం వైపు చూసేది. ఒకచోట మాత్రం, "ఆయనకు కూడా మేము కానోళ్ళమైపోతిమి" అంది.

నాగూరులో బస్సు ఆగగానే గుళ్ళకు దిగినట్టే అందరూ దిగారు, నామాలు పెట్టుకున్నవాళ్ళూ, విభూతి పెట్టుకున్నవాళ్ళూ. దర్గాకు తెల్లటి ఎత్తయిన మినార్లు, మీద పావురాలు, సందంతా సాంబ్రాణి, గులాబీలు. నీళ్ళ గుంట పక్కన వరసగా మంగళ్ళు కూర్చుని గుండ్లు గీస్తున్నారు. చిన్నమ్మ అలవాటు కొద్దీ గడప దగ్గర ఆగిపోయింది. అక్కడ పూలు అమ్ముతున్న ముసలి సాయిబమ్మను అరవంలో అడిగింది: మా మామ చనిపోయి ఐదు నెలలు, ఇంట్లో మైల ఉంది, లోపలికి రావచ్చునా అని. ఆ ముసలామె ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత, "లోపల పండుకోనుండేదీ చనిపోయినాయనే గదమ్మా, ఆయనకు లేని మైల నీకెందుకు" అంది, పూలు కట్టడం ఆపకుండా.

ఆ మాటకు చిన్నమ్మ లోపల ఏదో తెగినట్టయింది. నేను చూశాను. అంతలో శీను మళ్ళీ ఏడుపు ఎత్తుకున్నాడు. ఒక మంగలాయన వాణ్ణి దగ్గరకు పిలిచి, జుట్టు ఎత్తి చూసి, మొహం ముడుచుకుని, అరవంలోనే గట్టిగా అరిచాడు: "ఈ జుట్టు ఉండేదాకా ఈ పుండ్లు మానవు. తియ్యాలా వద్దా చెప్పండి, నా ముందర ఇరవై మంది ఉండారు." చిన్నమ్మ చిన్నాయన వైపు చూసింది. "కొండ మొక్కు గదా" అంది. తియ్యమని ఆమె అనలేదు. చిన్నాయన ఒక్క క్షణం గుంట వైపు చూశాడు. చొక్కా విప్పి నా భుజం మీద వేసి, మంగలాయన ముందు బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు, శీనును నా చేతుల్లోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "తియ్యప్పా" అన్నాడు.

ఆ జడ మంగలాయన నీళ్ళతో నానబెట్టి నానబెట్టి, పుండు తగలకుండా తీశాడు. గుండుకు ఎవరో పెద్దాయన చందనం పూశాడు. ఒకాయన నెమలీకల కట్టతో తల మీద తట్టాడు. శీను చిన్నమ్మ ఒళ్ళో నిద్రపోయాడు, మూడు రోజుల తర్వాత. చిన్నమ్మ లోపల ఒక స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఐదు నెలల తర్వాత ఒక దేవుడి ఇంట్లో కూర్చోవడం. నూనె దీపాలు, పక్కన బురఖా వేసుకున్న ఒక తల్లి, ఆ పక్కన పెద్ద నామం పెట్టుకున్న మా బస్సు ముసలాయన. ఏ కులం, ఏ ఊరు, ఇంట్లో ఎవరు పోయారు అని ఒక్కరూ అడగలేదు. పావురం ఒకటి రెక్కలు కొట్టుకుంటూ చెవి పక్క నుంచి పోయింది. చిన్నమ్మ ఉలికిపడలేదు. చాలాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "పాపా, మోత నిలిచిపోయింది" అంది. వేళాంకణ్ణి చర్చిలో కూడా అట్లాగే మేరీమాత ముందర మోకాళ్ళ మీద కూర్చుని, కొవ్వొత్తి వెలిగించి, "గోవిందా" అంది. ఆమెకు తెలిసిన మాట అదే. ఆమె దేవుణ్ణి మార్చుకోలేదు. తలుపు తీసి ఉన్నచోట లోపలికి పోయింది, అంతే. అంత నెమ్మదిగా ఉన్న మనిషిని నేను మళ్ళీ జీవితంలో చూడలేదు, ఆమెలో కూడా.

రామేశ్వరంలో బెల్లం డబ్బా ఖాళీ అయ్యాక చిన్నాయనకు చిత్తూరు గుర్తొచ్చింది. దారి పొడుగునా నవ్వించిన మనిషి నవ్వడం మానేశాడు. మధురై దగ్గర ఉపాయం ఆయనే చెప్పాడు: నాగపట్నంలో డాక్టరు గడ్డలకు జుట్టు తీయించాడందాం, వైద్యానికి తీసింది మొక్కు కిందికి రాదు, జుట్టు పసుపుగుడ్డలో కట్టి తెచ్చామందాం, ఐదో ఏట హుండీలో వేద్దాం. జుట్టు ఎక్కడుంది? నాగూరు గుంట పక్కన ఉంది. వంటాయన దగ్గర కత్తెర అడిగి నా జడ కొస నాలుగు వేళ్ళు కత్తిరించి గుడ్డలో కట్టారు. నాకు సరదాగా ఉంది. చిన్నమ్మ మాత్రం, "వద్దు, ఉండేది ఉన్నట్ల చెప్పుదాం. బిడ్డకు నయమాయె గదా, అత్త తిడితే తిట్టనీ" అంది. "నువ్వు ఊరుకో, నీకేం తెల్సు" అన్నాడు చిన్నాయన.

ఆ ఉపాయం వారం కూడా నిలవలేదు. వారం వారం నా జుట్టును పాయలు తీసి చూసే మనిషికి నా జుట్టే గుడ్డలో కట్టి ఇచ్చాం. ఇంతకంటే తెలివితక్కువతనం ఉంటుందా. శుక్రవారం నూనె పెడుతూ జేజి చేతులు ఆగాయి. లేచిపోయి పసుపుగుడ్డ విప్పి, ఆ వెంట్రుకలు వాసన చూసి, నా జడ పక్కన పెట్టింది. శీను జుట్టు పీచులాగా పలచగా, ఎర్రగా ఉండేది. ఇది నల్లది, ఆమె కాచిన నూనె వాసన. అరవలేదు. అందరినీ పిలిచింది. దేవుడి గూటికి కట్టిన గుడ్డ తీసేసి, మైల అని కూడా చూడకుండా, నన్ను దాని ముందర నిలబెట్టింది. "సామి ముందర చెప్పు మే. బిడ్డ జుట్టు యాడ తీసినారు?"

"నాగూరులో జేజీ."

"ఇంటి మొక్కు తీసకపోయి సాయిబుల దేవునికి ఇచ్చినారా. ఎవురు తీయించినారు?"

నేను జవాబు చెప్పేలోపల చిన్నాయన గొంతు వినిపించింది. "నేను బస్సులో నిదరపోతా ఉన్నాను మా. లేచి చూస్తే గుండు." ఆయన మొహం గోడ మీది క్యాలెండరు వైపు ఉంది. నా వైపు చూసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. జేజి నన్నే చూస్తోంది. "మీ చిన్నాయన ఆడ ఉండెనా లేదా?"

"లేడు జేజీ. నిదరపోతా ఉండె. చిన్నమ్మే తీయించింది" అన్నాను.

అబద్ధమాడితే కళ్ళు పోతాయని మాకు ఉగ్గుపాలతో చెప్పారు. నాకు కళ్ళద్దాలు కూడా ఆలస్యంగానే వచ్చాయి. ఎందుకు చెప్పానంటే ఎన్నో కారణాలు ఏర్చి పెట్టుకున్నాను ఇన్నేళ్ళలో: చిన్నదాన్ని, భయపడ్డాను, చిన్నాయనంటే ఇష్టం. నిజం ఇంతకంటే నీచమైనది. ఆయన పడితే ఇల్లు అదురుతుంది, ఆమె పడితే ఎవరికీ ఏమీ కాదు. పన్నెండేళ్ళకే ఆ లెక్క నాకు వచ్చేసింది, ఎవరూ నేర్పకుండానే. చిన్నమ్మ మొగుణ్ణి చూసింది, నన్ను చూసింది, శీనును ఎత్తుకుని వంటింట్లోకి పోయింది.

ఆ రోజు నుంచి ఆమె దేవుడి దీపం ముట్టకూడదు. శనివారం ఆమె చేతి వంట లేదు. శీనుకు జ్వరం వస్తే ఆ వెంట్రుకలే కారణం, మండీకి నష్టం వస్తే ఆ వెంట్రుకలే. ఐదో ఏట, మళ్ళీ పెరిగిన జుట్టుతో అందరం కొండకు బయలుదేరాం. అలిపిరి దగ్గర నడక మొదలుపెట్టే ముందు అందరం చెప్పులు విడిచాం. "నువ్వు ఈడనే ఉండుమ్మే, చెప్పులు సూసుకుంటా" అంది జేజి. కొడుకు పుట్టువెంట్రుకలకు తల్లి పదకొండు జతల చెప్పులకు కాపలా కూర్చుంది. కల్యాణకట్టలో శీనును ఒళ్ళో పెట్టుకున్నది చిన్నాయనే. అందరికంటే గట్టిగా గోవిందా అన్నదీ ఆయనే. రెండో రోజు దిగి వచ్చేసరికి ఆమె మెట్ల పక్క అదే చోట ఉంది. చెప్పులన్నీ జతలు జతలుగా తుడిచి పెట్టింది. జేజి ఇచ్చిన లడ్డు ముక్క కళ్ళకద్దుకుని తినింది. దేవుడి మీద ఆమెకు కోపం ఎప్పుడూ లేదు. ఆ కోపం నాకు మిగిలింది. అది కూడా దేవుడి మీద కాదు.

ఆమెకు మోత మళ్ళీ వచ్చింది, పోలేదు. జేజి పోయింది, మండీ పోయింది, మా నాయన, చిన్నాయన పోయారు. నాకు పెళ్ళయింది, ఉద్యోగం చేశాను, భర్త పోయాడు. పెద్దతనంలో చిన్నమ్మ దగ్గర ఒకసారి కూర్చుని, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను చిన్నమ్మా అన్నాను. ఆమె చిక్కుడుకాయలు వలుస్తోంది. "నాకెందుకు చెప్తావు పాపా, నేను ఆడనే ఉంటిని గదా. చెప్పాల్సినోళ్ళకు చెప్పు" అంది. చెప్పాల్సినవాడు శీను. అమ్మ తెలివితక్కువతనం వల్లనే తన చదువు చెడిందని చిన్నప్పటి నుంచి విని పెరిగినవాడు, ఆమెతో ముక్తసరిగా మాట్లాడినవాడు, ఆమె పోయినప్పుడు కూడా ఏడవనివాడు. చెబుదామనుకుంటూనే ఉన్నాను. ఆమె పోయి ఏళ్ళవుతోంది. ఆ నోటితోనే నాగూరు స్తంభం దగ్గర కూర్చుని శాంతి కావాలంటే ఎక్కడి నుంచి వస్తుంది?

యాత్ర నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున శీను ఆఫీసుకు పోయాను. అద్దాల గదిలో నాకెదురుగా కూర్చుని వాడు మొత్తం విన్నాడు. మంగలాయన మాట, చిన్నాయన మాట, నా మాట. మధ్యలో ఒకసారి లేచి, బయట గుమాస్తాలకు వినపడకుండా తలుపు వేసి వచ్చాడు. అంతా అయ్యాక ఫోను అటూ ఇటూ తిప్పాడు.

"ఇప్పుడెందుకక్కా ఇదంతా" అన్నాడు. "నాయన పేరు మీద ఏడాదికోసారి అన్నదానం చేస్తా ఉండాను. ఊర్లో పెద్దమనిషని పేరుండాది. ఇదంతా బయటికి పోతే ఆయన పేరు చెడిపోతాది."

"మరి మీ అమ్మ పేరు?"

"అమ్మ పేరు ఎటూ చెడిపోయిందే గదక్కా" అన్నాడు, మెల్లగా, నాకు నచ్చజెబుతున్నట్టు. బెల్లు కొట్టి నాకు టీ తెప్పించాడు. తాగి వచ్చాను.

వాడికి చెప్పడంతో అయిపోలేదని తెలిసింది. కాబట్టి చదివేవాళ్ళందరికీ ఇక్కడ చెబుతున్నాను. ఆ రోజు నాగూరులో మా చిన్నమ్మ కొండ మొక్కు గదా అని ఆగింది. బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది మా చిన్నాయన. తియ్యప్పా అన్నది ఆయనే. ఆయన చొక్కా నా భుజం మీద ఉంది.